మూడు మెట్లు కిందికి

కోనవలస,
అనంతగిరి మండలం,
8 జూలై 2024.

ఎజ్రాకు,

నీకూ, మీ అమ్మాయి సిల్వియాకూ ప్రభువు పేరున వందనాలు. నేను సుజానాని, మీ మోసెస్ అన్న భార్యని. నువ్వు కొండ దిగి పార్వతీపురం వెళ్ళి ఇరవై రెండేళ్ళయింది కాబట్టి ఈ మాత్రం పరిచయం రాసుకోవలసి వస్తోంది. మీ అన్న పోయి తొమ్మిది నెలలు. భూస్థాపనకు నీకోసం సాయంత్రం దాకా ఆగాం. నువ్వు రాలేదు, సిల్వియాను పంపించావు. ఎందుకు రాలేదని ఈ ఉత్తరంలో అడగను. నాకు నీతో పని పడింది కాబట్టి మంచిగానే ఉంటాను.

వానలకు ముందు ఇల్లు సర్దుతుంటే ఆయన ట్రంకు పెట్టె అడుగున ఒక కేసెట్టు దొరికింది. మీద ఆయన చేతిరాత: "మోసెస్, ఎజ్రా. చర్చిలో. డిసెంబరు 1999." ఆ డిసెంబరంతా నేను అంగన్‌వాడీ ట్రైనింగుకని విశాఖపట్నంలో ఉన్నాను. ఈ కేసెట్టు ఒకటుందని ఆయన నాకు ఏనాడూ చెప్పలేదు. పాస్టరు యెహోషువ గారింట్లో పాత టేప్ రికార్డరు ఉంటే తెచ్చి వేశాను. కాఫీ పళ్ళు కోసే రోజుల్లో మీ అన్న కట్టిన పాట అది. బల్ల మీద తాళం వినిపిస్తోంది, అది నువ్వే వాయిస్తున్నావనుకుంటాను. గొంతు ఆయనదే, కానీ సన్నగా, గబగబా, ఎవరో తరుముతున్నట్టు ఉంది. పక్కింటి కనక వచ్చి విని, "ఏటొదినా, అన్న ఉడతనాగ అరుత్తన్నాడేటి" అని నవ్వింది. నేనూ నవ్వాను. తను వెళ్ళాక తలుపు వేసుకుని ఏడ్చాను.

నువ్వు కంప్యూటర్లో పాటల శృతి దించుతావనీ, వేగం తగ్గిస్తావనీ పాస్టరుగారు చెప్పారు. ఆయన గొంతు ఇంకెక్కడా లేదు ఎజ్రా. ఎవరు ఫోను ముందుకు పెట్టినా చెయ్యి అడ్డం పెట్టేవాడు. "దేవుడికి పాడతన్నాను, నీ ఫోనుకి కాదు" అనేవాడు.

నీకు ఒక నిజం చెబుతాను. నాకు ఆయన గొంతు మరుపు వస్తోంది. మొహం గుర్తుంది, నడక గుర్తుంది. ఆయన అన్న మాటలన్నీ గుర్తున్నాయి, కానీ అవి నా గొంతులోనే వినిపిస్తున్నాయి. నాకు భయంగా ఉంది. అక్టోబరు ఇరవైన ఏడాది ప్రార్థన కూడిక పెట్టుకున్నాం. ఆ రోజుకి ఆయన గొంతు నాకు తెచ్చిపెట్టు. కేసెట్టు రిజిస్టర్ పోస్టులో పంపుతున్నాను.

సుజానా.


పార్వతీపురం,
22 జూలై 2024.

వదిన గారికి,

ఎజ్రా వందనాలు. కేసెట్టు పగలకుండా చేరింది. భూస్థాపనకు రాలేదు సరే, క్షమించమని అడిగే మొహం కూడా నాకు లేదు. మీరు అడగనన్నారు, అదే పదివేలు.

ఆ గొంతు ఎందుకలా అయిందో చెబుతాను. అప్పట్లో మన ఊళ్ళో కరెంటు లేదు కదా, టేప్ రికార్డరు బ్యాటరీల మీద నడిచింది. ఆ బ్యాటరీలు అప్పటికే నీరసించాయి. దాంతో టేపు మెల్లగా తిరుగుతూ రికార్డు చేసుకుంది. ఇప్పుడు కరెంటు మీద వేస్తే అదే టేపు మామూలు వేగంతో తిరుగుతుంది. అందుకని పాట బేగి అయిపోతోంది, గొంతు పైకి పోతోంది. చివరికొచ్చేసరికి బ్యాటరీ ఇంకా చచ్చింది కాబట్టి అక్కడ గొంతు మరీ సన్నబడింది.

ఇది నా రోజువారీ పనే. చర్చిల నుంచి అమ్మాయిలు ట్రాకు పట్టుకుని వస్తారు. అంత పైకి అందదు, రెండు మెట్లు దించమంటారు. వేగం మారకుండా శృతి దించుతాను. ఇంకొకరికి శృతి మారకుండా వేగం తగ్గిస్తాను. టేపులో ఆ రెండూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి గానీ, కంప్యూటర్లో విడదీయొచ్చు. కానీ ఎంత దించాలన్నది తెలియాలి. నా జ్ఞాపకం మీద దించితే వచ్చేది నా జ్ఞాపకమే, అన్న గొంతు కాదు.

దానికి ఒక ఉపాయం కనపడింది. పాటకు ముందు మన చర్చి పట్టా గంట నాలుగు దెబ్బలు వినిపిస్తోంది. పాట అయ్యాక రెండో గంట కూడా పడింది. రైలు పట్టా ముక్క కాబట్టి దాని మోత పాతికేళ్ళయినా మారదు. అది ఇంకా అక్కడే వేలాడుతుంటే, కొట్టి, ఫోనులో రికార్డు చేసి, మెమరీ కార్డు పంపండి. టేపులో గంట మీ గంటతో కలిసేదాకా దించుతాను. గంట తన చోటికి వస్తే గొంతూ వస్తుంది.

ఫోను చేయకండి, షాపులో ఒకటే గోల. ఉత్తరమే రాయండి.

ఎజ్రా.


కోనవలస,
4 ఆగస్టు 2024.

ఎజ్రాకు,

మీరు, వదిన గారు, క్షమించమని అడిగే మొహం... ఇవన్నీ పార్వతీపురంలో నేర్పారా? నా ఇంట్లో అంబలి తాగి, "ఇంకొంచెం పొయ్యొదినా" అని గిన్నె చాచినవాడివి. నువ్వు అనే రాయి.

గంట పంపుతున్నాను. మీ అన్న పోయాక గంట నేనే కొడుతున్నాను. ఆయన కొట్టినట్టు లేదని పెద్దలు గొణుగుతారు. పట్టా ఎవరు కొట్టినా ఒకే మోత కదా అంటే ఒప్పుకోరు. రికార్డు చేయడానికి మూడు రోజులు పట్టింది. ఒక రోజు రేకుల మీద వాన, ఒక రోజు వాన తగ్గగానే పిల్లలు. మూడో రోజు ఎవరూ లేరనుకుని కొట్టాను, భీముడు తాత మేక వచ్చి మధ్యలో అరిచింది. మళ్ళీ కొట్టే ఓపిక లేదు. మేకను నువ్వే తీసేసుకో.

నువ్వు వద్దన్నా ఫోను చేశాను. మంగళవారం సంతకు వెళ్తే సిగ్నలు అందింది. సిల్వియా ఎత్తి, "నాన్న పనిలో ఉన్నారు పెద్దమ్మా" అంది. గోల గోల అన్నావు, వెనక చీమ చిటుక్కుమన్న చప్పుడు లేదు. నాతో మాట్లాడటానికి నీకు అంత బిడియం ఎందుకో తెలియదు. భూస్థాపన సంగతి అడగనన్నాను కదా.

ఇక్కడ ఎలా ఉందో అడగలేదు, అయినా చెబుతాను. మధ్యాహ్నం దాకా అంగన్‌వాడీలో పద్నాలుగు మంది పిల్లలు. వాళ్ళు పోయాక మర్నాటి దాకా ఇంట్లో మాట ఉండదు. మొన్న పొయ్యి మీద కుండను "ఉడికావా" అని అడిగాను. అడిగాక నాకే నవ్వొచ్చింది, ఆ తర్వాత నవ్వు రాలేదు. మీ అన్న ఎక్కువ మాట్లాడే మనిషి కాదని నీకు తెలుసు. రోజుకి పది మాటలు మాట్లాడేవాడేమో. ఆ పదీ ఇంటికి సరిపోయేవి.

కూడికకు నువ్వు రావాలి. మీరిద్దరూ పాడే పాటలు నువ్వొక్కడివే పాడాలి.

వదిన,
సుజానా.


పార్వతీపురం,
14 ఆగస్టు 2024.

వదినకు,

నువ్వు అని రాయడానికి మూడు కాగితాలు చింపాను. గంట బాగా వచ్చింది. మేక కూడా బాగా వచ్చింది.

పని మొదలుపెట్టాను. టేపులో గంట మొదట్లో రెండు మెట్లు పైన ఉంది, చివర్లో మూడున్నర. పాటంతా ఒకే లెక్కన దించితే కుదరదు, చిన్న చిన్న ముక్కలు చేసి ఒక్కోటి ఒక్కోలా దించాలి. కొంచెం టైము పడుతుంది.

ఒకటి అడుగుతాను. అన్న గొంతు నీకు ఎలా గుర్తుందో, ఎంత గుర్తుంటే అంత, రాసి పంపు. పాట ఎంత మెల్లగా పాడేవాడు, ఎక్కడ ఆగేవాడు, గొంతులో జీర ఉండేదా. పనికి అవసరం.

కూడికకు వచ్చే సంగతి తర్వాత రాస్తాను.

ఎజ్రా.


కోనవలస,
22 ఆగస్టు 2024.

ఎజ్రాకు,

గంట కలిస్తే గొంతు వస్తుందన్నావు. మళ్ళీ నన్నెందుకు అడుగుతున్నావో నాకు అర్థం కాలేదు. నీ పని నీకు తెలుసు కాబట్టి రాస్తున్నాను.

లోతు గొంతు. ఆయన చర్చిలో పాడుతుంటే నేను కూర్చున్న బల్లకు ఆ అదురు తెలిసేది. మెల్లగా పాడేవాడు. ఎంత మెల్లగా అంటే, పాస్టరుగారు గడియారం చూసుకునేవారు. ప్రతి చరణం చివరా "కాపరీ" అన్న మాట దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, మనమంతా ఎదురు చూస్తున్నామని తెలిసి కూడా తొందరపడేవాడు కాదు. మాట మొదట్లో కొంచెం జీర, తర్వాత అది పోయేది. ఇంతే గుర్తుంది. రాస్తుంటే ఇదంతా ఆయన గురించి ఎవరో చెప్పింది విని రాస్తున్నట్టే ఉంది.

ఇక్కడ వాన ఆగడం లేదు. బేగి పంపు.

వదిన,
సుజానా.


పార్వతీపురం,
9 సెప్టెంబరు 2024.

వదినకు,

పాట ఈ కార్డులో ఉంది. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ముందు నువ్వొక్కదానివే విను. కూడికలో వెయ్యాలా వద్దా అన్నది విన్నాక చూసుకోవచ్చు.

కేసెట్టు నా దగ్గర ఉంచుకోనా? పాతబడిపోయింది, నేను జాగ్రత్త చేస్తాను. నీకు అభ్యంతరమైతే పంపేస్తాను.

ఎజ్రా.


కోనవలస,
16 సెప్టెంబరు 2024.

ఎజ్రాకు,

విన్నాను. మొదట గంట, తర్వాత తాళం, తర్వాత ఆయన. నువ్వు ఒక్కదాన్నే వినమన్నావు, అలాగే విన్నాను. ఎన్నిసార్లని అడగకు. ఫోను చార్జింగు అయిపోతే, పక్కింటి కనక వాళ్ళింట్లో పెట్టి, అక్కడే కూర్చుని విన్నాను. లోతు ఉంది, జీర ఉంది. "కాపరీ" దగ్గర ఆగాడు. నేను కూడా ఊపిరి బిగబట్టి ఆగాను.

పోయిన మనిషి ఇంటికొచ్చినట్టుంది. అన్నం కుండతో మాట్లాడటం మానేశాను. అంబలి కాస్తూ పాట పెడుతున్నాను.

కనక విని ఈసారి నవ్వలేదు. "అన్నే గదా" అంది. కేసెట్టు నువ్వే ఉంచుకో, అది నీకు కాక ఎవరికి. భూస్థాపనకు రాలేదన్న కోపం కూడా ఈ వారంతో పోయింది. నీకు నేను ఏమిచ్చుకోగలనో తెలియడం లేదు. కాఫీ గింజలు వేయించి పంపుతాను.

వదిన,
సుజానా.


కోనవలస,
23 సెప్టెంబరు 2024.

ఎజ్రా గారికి,

నిన్న ఆదివారం మొదటి గంట కొట్టి, ఎవరూ రాలేదు కదా అని చర్చి అరుగు మీద కూర్చుని పాట పెట్టాను. పట్టా ఇంకా మోగుతూనే ఉంది. ఫోనులో మీ గంట మోగింది. రెండూ కలవలేదు.

ఫోను స్పీకరు తప్పనుకున్నాను. లేచి మళ్ళీ కొట్టాను. మళ్ళీ పాట పెట్టాను. మీ కార్డులోని గంట మన గంటకంటే కింద ఉంది. నాకు మెట్ల లెక్క రాదు. కానీ ఏడాదిగా వారం వారం ఆ పట్టా కొడుతున్నదాన్ని నేను. ఆ మోత నా మోచేతికి కూడా తెలుసు. పాత టేపులో గంట పైన ఉందన్నారు. నేను పంపిన గంటతో కలిసేదాకా దించుతానన్నారు. కలిశాక ఇంకా ఎందుకు దించారు?

గంట తన చోటికి వస్తే గొంతూ వస్తుందని మీరే రాశారు. ఇప్పుడు గంట తన చోట లేదు. అయితే ఆ గొంతు ఎవరిది?

కాఫీ గింజలు వేయించి ఉంచాను, పోస్టు చెయ్యలేదు.

సుజానా.


పార్వతీపురం,
30 సెప్టెంబరు 2024.

వదినకు,

ఆ గొంతు నాది.

పాట పాడింది నేను. బల్ల మీద తాళం వేసింది అన్న. నువ్వు కేసెట్టు పంపిన రోజున అది నాకు గుర్తు రాలేదు. గొంతు అంత సన్నగా ఉంటే నాకు నేనే తెలియలేదు, అన్నే అనుకున్నాను. నువ్వు పంపిన గంటతో కలిపాక తెలిసింది. ఫోనుకి పాడననే మనిషి టేపుకి మాత్రం పాడతాడా అన్న ఆలోచన మనిద్దరిలో ఒక్కరికైనా రాలేదు.

అది తెలిశాకే నీకు ఉత్తరం రాశాను, అన్న గొంతు ఎలా ఉండేదో రాసి పంపమని. నువ్వు లోతన్నావు, నా గొంతును మూడు మెట్లు కిందికి దించాను. మెల్లగా అన్నావు, వేగం తగ్గించాను. "కాపరీ" దగ్గర ఆగేవాడన్నావు, అక్కడ కోసి ఖాళీ పెట్టాను. జీర కూడా నేనే కలిపాను. నీకు ఆయన గొంతు మరుపొస్తోందని రాసిన ఉత్తరం నా బల్ల మీదే ఉంది. కేసెట్టులో అన్న గొంతు లేదని రాయడానికి నాకు చెయ్యి రాలేదు. గంట ముక్క కోసేస్తే నీకు తెలిసేది కాదని నాకు తెలుసు. కొయ్యబోయి ఆగిపోయాను. ఎందుకో అడిగితే చెప్పలేను.

ఈ కార్డులో రెండు ఫైళ్ళున్నాయి. మొదటిది ఆ పాట, ఉన్నది ఉన్నట్టుగా, మన గంటకు కలిపి. పాడింది నేనే అయినా తాళం మొదటి నుంచి చివరిదాకా అన్నదే.

రెండోది చిన్నది. టేపు అప్పుడే కదలడం మొదలుపెట్టినప్పుడు, గంటకు ముందు, రెండు క్షణాలు ఒక కీచు చప్పుడుంది. మిషను చప్పుడనుకుని కోసి పక్కన పడేశాను. గంటలు కలవలేదన్న నీ ఉత్తరం వచ్చాక, ఇంకేమైనా మిగిలిందా అని వెతుకుతూ దాన్ని సాగదీశాను. టేపు వేగం అందుకోక ముందు పడిన మాటలు కాబట్టి అంతలా ముడుచుకుపోయాయి. సాగదీస్తే ఆరు సెకన్లు వచ్చింది. అది అన్న. ఇందులో నేను ఏమీ కలపలేదు. మొదటి అక్షరం ఎంత దించాలో చివరి అక్షరం అంత దించకూడదు, నాలుగు రోజులు కూర్చుని అక్షరం అక్షరం సరిచేశాను. ఏమన్నాడో నేను రాయను, నువ్వే విను.

నువ్వు ట్రైనింగు నుంచి వచ్చేలోపు నీకోసం చేశాం ఆ కేసెట్టు. బ్యాటరీలు మార్చి వేసి చూస్తే కీచుగా పలికింది. అన్నకు సిగ్గేసి, "ఇది ఇనిపిత్తే నవ్వుతాది" అని పెట్టెలో పడేశాడు.

ఎజ్రా.


కోనవలస,
5 అక్టోబరు 2024.

ఎజ్రాకు,

గారు అని రాయడం లేదు, అంత దూరం పెట్టడానికి కూడా నాకు ఓపిక లేదు.

నువ్వు నాకు అబద్ధం పంపావన్న కోపం కంటే, నేను దాన్ని నమ్మానన్నది నన్ను తినేస్తోంది. పాతికేళ్ళకు పైగా కాపురం చేసిన మనిషి గొంతు నాకు తెలియలేదు. నేను రాసిందే నువ్వు నాకు తిరిగి పంపితే, ఆయనే వచ్చాడని వారం రోజులు ఆ పాటతో కాపురం చేశాను. ఇంకొకరి గొంతు పెట్టుకుని ఏడ్చాను. ఎంత సిగ్గు చేటు పని చేయించావు నా చేత.

నీ గొంతు నీకు అంత చవకా ఎజ్రా? ఎవరు అడిగితే వాళ్ళ మొగుడి గొంతు చేసి ఇచ్చేస్తావా? మోసెస్ పక్కన నిలబడి పాడిన గొంతు అది. దాన్ని నరికి, దించి, జీర పూసి పంపడానికి నీకు చేతులెలా వచ్చాయి?

ఒక్కటి చెయ్యి. ఇరవయ్యో తారీకు వచ్చి, అందరి ముందు, నీ నోటితో, నీ శృతిలో ఆ పాట పాడు. అప్పుడు నేను దీన్ని మరిచిపోతాను. రాకపోతే ఇంక ఉత్తరాలు వద్దు.

రెండో ఫైలు గురించి ఇప్పుడు రాయలేను.

సుజానా.


పార్వతీపురం,
11 అక్టోబరు 2024.

వదినకు,

నా గొంతు నాకు చవక కాదు.

రెండేళ్ళ కిందట, వానాకాలంలో, గొంతులో రాచపుండు అన్నారు. విశాఖలో ఆపరేషన్ చేశారు. ప్రాణం నిలబెట్టడానికి స్వరపేటిక మొత్తం తీసేశారు. ఇప్పుడు మెడ కింద ఒక కన్నం ఉంది, దాంట్లోంచే ఊపిరి పీలుస్తాను. మాట రాదు. అవసరమైతే పలక మీద రాస్తాను, సిల్వియా చదువుతుంది. ట్రాకులు దించే పని ఆ తర్వాతే పట్టాను. దీనికి మాట్లాడక్కర్లేదు. వచ్చినవాళ్ళు రెండు వేళ్ళు చూపిస్తారు, రెండు మెట్లు దించి ఇస్తాను.

కొండ మీద ఎవరికీ చెప్పలేదు. అక్కడ నన్ను మనిషిగా కాదు, గొంతుగా గుర్తు పెట్టుకున్నారు. భూస్థాపనకు వస్తే పాడమంటారని తెలుసు. శవం దగ్గర నిలబడి, మెడకు గుడ్డ చుట్టుకుని, చేతులతో సైగలు చెయ్యడం నా వల్ల కాలేదు. అన్నకు కూడా చెప్పలేదు. చెప్పి ఉంటే ఆ రోజే బస్సెక్కి వచ్చేవాడు. వస్తాడనే చెప్పలేదు. ఇప్పుడు అదీ నన్ను తింటోంది.

ఫోన్లలో నా పాటలు ఒకటీ అరా ఉన్నాయి, అవన్నీ జబ్బు మొదలయ్యాక పాడినవి. బాగున్న రోజుల్లో, అన్న తాళం మీద పాడింది ఆ కేసెట్టులోది ఒక్కటే. గంటకు కలిపాక మొదటిసారి విన్నప్పుడు కంప్యూటరు ముందు నుంచి లేచి బయటికి వెళ్ళిపోయాను. సిల్వియా పుట్టకముందు గొంతు అది. నా ఆ వయసు గొంతు మా అమ్మాయి మొదటిసారి వింది.

తర్వాత దాన్ని దించాను. చేతులెలా వచ్చాయని అడిగావు. చెయ్యి ఆడింది వదినా. ఒక్కో మెట్టు దించుతుంటే నేను పోతూ అన్న వస్తున్నట్టు అనిపించింది. నాకు ఎలాగూ లేదు, నీకైనా ఉండనీ అనుకున్నాను. తప్పే. నీకు చెప్పకుండా చెయ్యడం తప్పు.

పాడమన్నావు. పాడలేను. ఉత్తరాలు వద్దన్నావు కాబట్టి ఇదే ఆఖరిది అనుకుంటాను. కేసెట్టు కూడా ఇందులో పెడుతున్నాను, నీదే కదా.

ఎజ్రా.


కోనవలస,
22 అక్టోబరు 2024.

ఎజ్రా తమ్ముడికి,

కేసెట్టు తిరిగి పంపుతున్నాను, నీ దగ్గర ఉండాలి. కాఫీ గింజలు కూడా ఈ పార్సిల్లోనే ఉన్నాయి, నెల్లాళ్ళయింది కాబట్టి వాసన తగ్గితే నన్ను అనకు.

నీ ఉత్తరం పదహారున వచ్చింది. చదివి అంగన్‌వాడీకి వెళ్ళాను. పిల్లలకు పాట చెబుతుంటే నా గొంతు నాకు వినిపించి, ఆపేసి, వాళ్ళకు గుడ్లు పెట్టి ఇళ్ళకు పంపేశాను. చవకా అని అడిగిన మాట తిరిగి తీసుకోవడానికి దారి ఉంటే బాగుండును. రాసి పంపిన మాట కదా, నీ దగ్గరే ఉంది. చింపెయ్యి.

కూడిక బాగా జరిగింది. నువ్వు రాలేదు, నేనూ ఎదురు చూడలేదు. ప్రార్థన అయ్యాక లేచి నిలబడి చెప్పాను, ఈ పాట కట్టింది మోసెస్, పాడింది ఎజ్రా, తాళం మోసెస్‌ది అని. పాస్టరుగారి స్పీకరులో నువ్వు మన గంటకు కలిపిన పాట వేశాను. భీముడు తాతకు ఇప్పుడు చెవులు సరిగ్గా వినపడవు. అయినా రెండో చరణానికి, "ఎజ్రా గుంటడు గదేటి" అన్నాడు. నీ గొంతు ఎంత పైకి వెళ్ళేదో నేను కూడా మరిచిపోయాను. నువ్వు ఎందుకు రాలేదో అడిగారు. నీ ఉత్తరంలో ఉన్నది ఎవరికీ చెప్పలేదు, అది నీ సొంత సంగతి.

ఆ ఆరు సెకన్లు మాత్రం ఎవరికీ వినిపించలేదు.

నాలుగు రోజులు ఆ ఫైలు తెరవలేదు నేను. నీ మీద కోపంతో కాదు. విని, అది కూడా ఎవరిదో తెలియకపోతే ఏం చేసుకోవాలన్న భయంతో. నీకు ఆ కోపం ఉత్తరం రాసిన మర్నాడు తెరిచాను. "ఊఁ, పాడ్రా ఎజ్రా, బేగి. బేటరీ అయిపోతాది. సుజాన వచ్చేక ఇనిపిద్దుం." అంతే ఉంది. నాకు తెలిసింది ఎజ్రా. "ఊఁ" అన్నప్పుడే తెలిసింది, ఇంకా మాట రాకముందే. నువ్వు చేసి పంపిన పాటలో విన్న లోతు లేదు, జీర లేదు. నేను నీకు రాసినదాంట్లో సగం తప్పు. మామూలుగా, కాస్త విసుగ్గా, ఇంట్లో మాట్లాడినట్టు ఉంది. నేను మరిచిపోలేదు. రాయడం రాలేదు, అంతే. నా పేరు అలా పిలిచేవాళ్ళు ఇంకెవరూ లేరు.

ఇప్పుడు విను. వచ్చే మంగళవారం సంతకు వెళ్తాను. పదకొండు గంటలకు ఫోను చేస్తాను. సిల్వియా చేతికి ఇవ్వకు, నువ్వే ఎత్తు. ఎత్తి ఊరికే చెవి దగ్గర పట్టుకో చాలు. నువ్వు ఉన్నావో లేదో అని నేను అడగను. పిల్లల సంగతులు, కాఫీ తోట సంగతులు, కనక మాటలు, అన్నీ చెబుతాను. నాకు ఇంట్లో మాట్లాడటానికి మనిషి లేక ఏడాది దాటింది.

వదిన,
సుజానా.